గుర్రుమనడం మరిచిన జున్ను

పోయిన వారం విజయశ్రీని తార్నాకలో, వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, తెరిచిన స్కూటర్ డిక్కీ ముందు నిలబెట్టి వచ్చేశాం. రెయిన్‌కోటు కోసం చెయ్యి పెడితే చేతికి తగిలింది జున్ను మెడపట్టీ. ఎర్ర తోలు పట్టీ, దానికో ఇత్తడి మువ్వ. జున్ను వాళ్ల కుక్క. జున్ను రంగులోనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎనిమిదేళ్లుగా ఎవరినీ ఏమీ అనని ఆ కుక్క ఒక ఆదివారం ఉన్నట్టుండి, వాళ్లమ్మాయి శ్రావ్య బుగ్గ కొరికింది. ఇంజెక్షన్లు, కట్లు, ఏడుపులు అయ్యాక భర్త శశిభూషణ్ దాన్ని ఘట్‌కేసర్ అవతల స్నేహితుడి తోటకి ఇచ్చేశానన్నాడు. మామిడి చెట్లున్నాయి, బావి ఉంది, దానికేం, రాజాలా ఉంటుందన్నాడు. విజయశ్రీ నమ్మింది. నమ్మడం సుఖం కాబట్టి నమ్మింది. మరి తోటలో ఉన్న కుక్క మెడపట్టీ, పాత గుడ్డలో చుట్టి, డిక్కీ అడుగున ఎందుకున్నట్టు?

రాత్రంతా ఆమె ఆ మాట అడగలేదు. కోపం వస్తే వెంటనే అరిచే మనిషి అడక్కుండా ఊరుకుందంటే భయపడాలి. శశిభూషణ్‌కి ఆ సంగతి పెళ్లైన కొత్తలోనే తెలుసు గానీ, హబ్సిగూడ ల్యాబ్‌లో మిషన్ల మధ్య తిరిగి తిరిగి మరిచిపోయినట్టున్నాడు.

శనివారం పొద్దున్న పెసరట్టు ప్లేటు పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టినట్టే, మెల్లగా పట్టీని కూడా పెట్టింది.

"ఇదేంటండీ?"

శశిభూషణ్ అల్లం చట్నీలోకి చూస్తూ "మెడపట్టీ" అన్నాడు.

"అది నాకూ తెలుసు. మెడ ఏదీ?"

"చెప్పాను కదా, తోటలో..."

"మీ ఫ్రెండ్‌కి రాత్రి ఫోన్ చేశాను. 'కరిచే కుక్కని నేనేం చేసుకుంటానమ్మా, అప్పుడే వద్దని చెప్పాను గదా' అన్నాడు."

అతని చేతిలో పెసరట్టు ముక్క ప్లేటులోకి జారింది. తర్వాత అన్నీ ఒకేసారి మాట్లాడాడు.

"ఏం చెయ్యమంటావ్ విజయా? హాస్పిటల్లో నువ్వు కాదూ, ఈ కుక్క మళ్లీ నా కళ్లబడితే ఊరుకోనన్నది? అసోసియేషన్ గ్రూపులో వెంకటకృష్ణగారు రోజూ మెసేజ్. కుక్కని ఎప్పుడు పంపిస్తున్నారు, కుక్కని ఎప్పుడు పంపిస్తున్నారు. ఎక్కడికి పంపించను? తెలిసినవాళ్లందరినీ అడిగాను. పిల్లని కరిచిందంటే ఎవరు తీసుకుంటారు? అందుకే... యూనివర్సిటీ క్యాంపస్‌లో వదిలాను."

"క్యాంపస్‌లోనా!"

"పాత క్వార్టర్స్ వెనకాల. అక్కడ చెట్లున్నాయి, బోలెడు కుక్కలున్నాయి. స్టూడెంట్లు అన్నం పెడుతుంటారు. వాటిలో కలిసిపోతుందనుకున్నా."

"కలిసిపోవడానికి అదేమన్నా పాలల్లో నీళ్లా?"

అతను తల దించుకున్నాడు.

"సరే, వదిలారు. పట్టీ ఎందుకు తీశారు?"

పట్టీ లోపలివైపు విజయశ్రీ తన చేత్తో, చెరిగిపోని పెన్నుతో రాసిన ఫోన్ నంబరుంది.

"తప్పిపోతే ఇంటికి చేరాలని నేను నంబరు రాశాను. ఇంటికి చేరకూడదని మీరు విప్పేశారు. అంతేనా?"

"స్కూటర్ వెనకాలే పరిగెత్తింది విజయా. అద్దంలో కనబడుతూనే ఉంది. లావుగా ఉంటుంది కదా, అంత వేగంగా పరిగెత్తలేదు. అయినా వచ్చింది. గేటు దాటాక మళ్లీ చూస్తే లేదు. నేను బ్రేక్ వెయ్యలేదు."

బెడ్‌రూమ్ తలుపు దగ్గర చిన్న చప్పుడైంది. శ్రావ్య నిలబడి ఉంది, బుగ్గ మీద కట్టుతో. కరిచిందన్న కోపం ఆ పిల్లకి ఆ రాత్రే పోయింది. జున్ను మామిడిపళ్లు తింటుందా, బావిలో పడదు కదా అని రోజూ అడుగుతూనే ఉంది.

"జున్ను తోటలో లేదా నాన్నా?" అంది.

విజయశ్రీ పట్టీ తీసుకుని, చెప్పులేసుకుని, మెట్ల మీదుగా దిగిపోయింది. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక కూడా లేదామెకు.

ఆటోలో కూర్చున్నంతసేపూ మొగుణ్ని తిట్టుకుంది. తిట్టుకోవడం తేలిక. తప్పంతా ఒకరి నెత్తిన ఉంటే మిగతావాళ్లు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పాపం, ఆ వెసులుబాటు ఆమెకు క్యాంపస్ చేరేదాకానే దక్కింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను "కుక్కల సంగతైతే హరిచందన మేడమ్‌ని అడుగుండ్రి, గాడనే ఉంటది" అని పాత క్వార్టర్స్ వైపు చెయ్యి చూపించాడు. హరిచందన జువాలజీలో రీసెర్చ్ చేస్తోంది. జనగామ పిల్ల. క్యాంపస్ కుక్కల నడవడి మీదే ఆమె చదువంతా. ఎండిన గడ్డిలో, నడిచే దారికి బాగా దూరంగా, బండరాళ్ల అవతల కుక్కలకు అన్నం పెడుతోంది. ప్రతి కుక్క చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంది. ఆపరేషనూ టీకాలూ అయ్యాయనడానికి గుర్తు. అవి తినడం కాగానే పళ్లేలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. ఒక్క మెతుకు వదల్లేదు.

"దారి మీద పెడితే దారంతా మాదే అనుకుంటయి అక్కా. తినేటప్పుడు ఎవరన్న పక్కనుంచి పోతే కరవొస్తయి. తప్పు వాటి మీద పడతది" అంది, అడక్కుండానే.

విజయశ్రీ పట్టీ చూపించింది. హరిచందన దాన్ని చూసింది. ఆ తర్వాత ఆమె మొహం చూసింది.

"మీదేనా?"

"మాదే. ఉందా? బాగుందా?"

"ఉన్నది. వచ్చిన కొత్తల గా రోడ్డు పక్కన కూసునేది. బూడిద రంగు స్కూటర్ ఏది పోయినా లేసి దాని వెంట ఉరికేది. జర దూరం పోయినంక కాదని ఎరుకైతుండె. మళ్ల వచ్చి అదే జాగల కూసునేది. అన్నం అక్కడికే తీస్కపోయి పెట్టిన. తినుకుంట కూడ రోడ్డే చూసేది."

విజయశ్రీ పక్కనున్న బండ మీద కూర్చుంది.

"మరి ఈ కుక్కలు? వీటితో కలిసిందా?"

"ఎట్ల కలుస్తది అక్కా? ఇది వీటి జాగ. కొత్తది వస్తే మా పెద్ద కుక్క ముందుగాల గుర్రుమంటది. దూరం జరుగు అని అర్థం. కొత్తది మొహం తిప్పుకొని పక్కకు పోతది, కాదంటే అది కూడ గుర్రుమంటది. సగం పంచాయితీలు గంతల్నే ఖతం. నెత్తురు దాకా పోదు. మీ దానికి ఆ మాటే రాదు. వీటికి అర్థమైతలేదు. ఊకెనే నిలబడి, నిలబడి, చప్పుడు లేకుండ సీదా కరిచింది. ఇగ మందంత మీద పడ్డయి."

మొరిగే కుక్క కరవదని సామెత. మొరగనివ్వని కుక్క ఏం చేస్తుందో ఆ సామెత కట్టినవాళ్లు చెప్పలేదు. వాళ్ల కాలంలో కుక్కలు నాలుగో అంతస్తులో ఉండేవి కాదు.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకుండ్రి" అంది హరిచందన. "గుర్రుమంటే ఇంట్ల కొట్టేటోళ్లా?"

"లేదు, మేము ఎప్పుడూ..." అని మొదలుపెట్టింది విజయశ్రీ. వాక్యం పూర్తికాలేదు. వంటింట్లో మేకుకి తగిలించిన పప్పుగుత్తి ఆమె కళ్లముందుకొచ్చింది.

జున్ను వచ్చిన కొత్తలో కొరియర్ అబ్బాయి మీద గుర్రుమంది. ఎదురు ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేశారు. అపార్ట్‌మెంట్‌లో ఉండాలంటే మర్యాద నేర్పాలి కదా. గుర్రుమన్నప్పుడల్లా విజయశ్రీ పప్పుగుత్తితో దాని ముక్కు మీద ఒక్కటిచ్చి, "తప్పు!" అనేది. గట్టిగా కాదు, అయినా తగిలేట్టు. కొన్నాళ్లకి పప్పుగుత్తి చూపిస్తే చాలింది. ఆ తర్వాత చూపించే పని కూడా లేకపోయింది. ఉగాదికి అందరూ కింద చేరితే వెంకటకృష్ణగారు జున్ను తల నిమిరి, "ఇది కుక్కలా లేదమ్మా, పసిపాపలా ఉంది" అన్నారు. "దానికి గుర్రుమనడం కూడా రాదండీ" అని విజయశ్రీ ఎంత పొంగిపోయిందో! పరీక్షలో కూతురు ఫస్టొచ్చినా అంత పొంగి ఉండదు.

నోరు లేని జీవమని జాలిపడుతుంటాం. ఉన్న నోరు మూయించిందీ మనమే.

"కానీ శ్రావ్యని ఏ కారణం లేకుండా కరిచింది" అంది విజయశ్రీ. ఎవరితో వాదిస్తోందో ఆమెకే తెలియదు. "పిల్ల ముద్దు చేస్తోంది, అంతే. కావాలంటే చూడు, నేను అప్పుడే వీడియో తీస్తున్నాను."

ఆ వీడియో డాక్టరుకి చూపించారు, అసోసియేషన్ వాళ్లకి చూపించారు. కుక్క ఎంత అకారణంగా కరిచిందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంది! ప్రతిసారీ చివర్లో విజయశ్రీ మొహం పక్కకి తిప్పుకునేది. ఇప్పుడూ ఫోన్ హరిచందన చేతికిచ్చి చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. ఫోన్లోంచి తన నవ్వే తనకి వినబడింది.

హరిచందన మొత్తం చూసింది. మళ్లీ మొదటికి తెచ్చి, ఈసారి మధ్యలో ఆపింది.

"అక్కా, ఇటు చూడుండ్రి. పాప మెడ చుట్టు చేతులేసింది. ఇది మొహం అటు తిప్పింది. కనబడ్తున్నదా? వద్దు అంటున్నది."

"సిగ్గుపడుతోందనుకున్నాను" అంది విజయశ్రీ. నిజంగానే, వీడియోలో ఆమె గొంతు అప్పుడే, "చూడండి చూడండి, సిగ్గుపడుతోంది మన జున్ను!" అని నవ్వింది.

"మూతి నాక్కున్నది. ముందట తిండేం లేదు. పరేషానైతే గట్లనే నాక్కుంటయి. ఇగో, ఆవులించింది. నిద్రొచ్చి కాదు." వేలితో కొంచెం జరిపింది. "ఇప్పుడు కన్ను చూడుండ్రి. తెల్లది ఎంత కనబడ్తున్నదో. పాప చెంప దాని చెవి మీద ఆనించింది కదా, ఒళ్లంత బిగబట్టింది. ఆ చెవొక్కటే వంగి ఉన్నది. చెవి నొప్పి ఏమన్న ఉండెనా?"

ఉండె. అవును, ఉండేది. అంతకుముందు చాలా రోజుల నుంచి జున్ను తల విదిలిస్తూనే ఉంది. స్నానంలో నీళ్లు పోయాయేమోలే, ఆదివారం డాక్టరుకి చూపిద్దామని అనుకున్నారు. ఆ ఆదివారమే శ్రావ్య దాన్ని కావలించుకుంది.

"ఇన్నిసార్లు అడిగింది అక్కా, వదిలిపెట్టు వదిలిపెట్టు అని. నోరొక్కటే తెరవలే. తెరిస్తే దెబ్బ పడతదని దానికి ఎరుక."

విజయశ్రీ ఏడ్చింది. బయట కూర్చున్నానని గానీ, పక్కనున్నది ముక్కూమొహం తెలియని పిల్ల అని గానీ చూడకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పొద్దున్న మొగుణ్ని అడిగిన ప్రశ్నలన్నీ వరసగా వెనక్కి తిరిగొచ్చాయి. అతను ఒక్కరోజు చేసిన పాపం ఉంది. తను ముద్దుముద్దుగా, మర్యాద నేర్పుతూ, ఎన్నేళ్లు చేసింది? బిడ్డ బుగ్గ మీద ఆ పళ్ల గాట్లకు దారి వేసింది ఎవరు?

హరిచందన ఓదార్చలేదు. మంచినీళ్ల సీసా ఇచ్చింది.

"ఏడుసుడు తర్వాత ఏడుద్దురు. ముందుగాల దాన్ని గా బండల సందులకెల్లి బయటికి తేవాలె. మెడ కింద గాయం అయింది, పురుగు పట్టింది. ఇయ్యాల పశువుల డాక్టర్ అమల మేడమ్ దవాఖానల ఉంటనన్నది. నేను పోతే ఇంకింత లోపలికి జరుగుతున్నది. వలేసి పడితే బెదిరి ఎటో ఉరుకుతది, ఇగ దొరకదు. మీరు పిలిస్తే వస్తదేమో."

"రాకపోతే?"

"ఇంకో రెండు దినాలు కూడ బతకదు అక్కా."

క్వార్టర్స్ గోడ కూలినచోట రెండు బండల మధ్య చిన్న నీడ ఉంది. ఆ నీడలో మట్టికొట్టుకుపోయిన ఒక ముద్ద. జున్ను రంగు ఎక్కడా లేదు. మనిషి అలికిడికి రెండు కళ్లు మాత్రం కదిలాయి.

"మీదికి వంగకుండ్రి" అని వెనకనుంచి హరిచందన మెల్లగా చెబుతోంది. "పక్కకు తిరిగి కింద కూసోండ్రి. కండ్లల్లకు చూడకుండ్రి. చెయ్యి చాపకుండ్రి. రాబుద్ధైతే అదే వస్తది."

విజయశ్రీ దుమ్ములో కూర్చుంది. చేతిలో పట్టీ కదిలి మువ్వ చిన్నగా మోగింది. నీడలో ఒక చెవి లేచింది. రెండోది లేవలేదు.

"జున్నూ" అంది.

తోక నేల మీద ఒక్కసారి కొట్టుకుంది. వదిలేసిపోయినవాళ్లు వస్తే ఆ మాత్రం కూడా చెయ్యక్కర్లేదు. కానీ అది కుక్క. మనుషుల్లాగా లెక్కలు తేల్చుకోవడం దానికి చేతకాదు.

అంతే, హరిచందన చెప్పినవన్నీ విజయశ్రీ మరిచిపోయింది. "నా తల్లీ" అంటూ చెయ్యి ముందుకి చాపింది.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. గొంతు అడుగున ఎక్కడో, చాలాకాలం వాడకుండా మూలపెట్టిన కుట్టుమిషను తిరిగినట్టు, బొంగురుగా, తడబడుతూ. జున్ను గుర్రుమంటోంది.

విజయశ్రీ నోరు అలవాటు కొద్దీ "త..." అంది. ఆ మాటని అక్కడే మింగేసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సరే నాన్నా, సరే" అంది. కళ్లనీళ్లు కారిపోతున్నాయి. "జరుగుతాను. ఇదిగో జరిగాను. నువ్వు చెప్పు, నేను వింటాను."

నిజంగానే కూర్చున్నచోటి నుంచి వెనక్కి జరిగింది. గుర్రుమనడం ఆగింది. జున్ను ఆమెను చూసింది. అడిగితే జరిగారు! దాని బతుకులో ఇలా ఎప్పుడు జరిగింది గనక? కాసేపటికి పొట్ట నేలకి రాసుకుంటూ కొంచెం ముందుకొచ్చింది. ఆగింది. ఇంకొంచెం వచ్చింది. ఎండలోకి వచ్చిన దాని మెడ గాయం చూసి కూడా విజయశ్రీ కదల్లేదు. వెనకాల హరిచందన దుప్పటి విప్పుతోంది. ఇంకొక్క జానెడు వస్తే చాలు.

అప్పుడే రోడ్డు మీద స్కూటర్ ఆగిన చప్పుడైంది.

బూడిద రంగు స్కూటర్. తను వదిలేసిన చోటు శశిభూషణ్‌కి కాక ఎవరికి తెలుసు? తప్పు దిద్దుకుందామని వచ్చాడో, పిల్ల ఏడుపు ఆపలేక వచ్చాడో, మొత్తానికి వచ్చాడు. ముందు నిలబడ్డ శ్రావ్యని దించి, స్టాండు వేస్తున్నాడు. ఆ స్టాండు వేసేంతలోనే పిల్ల చెయ్యి విడిపించుకుంది.

"జున్నూ!"

ఎండుగడ్డి మీద చెప్పుల చప్పుడు. జున్ను వణుకుతూ లేచి నిలబడింది. వెనక బండ, పక్కన కూలిన గోడ, ముందు పరిగెత్తుకొస్తున్న పిల్ల. పోవడానికి దానికి దారి లేదు.

"శ్రావ్యా, ఆగు! అక్కడే ఆగు!"

"ఉరకకు పాపా!"

జున్ను గుర్రుమంది. ఈసారి తడబడలేదు. పళ్లు కనబడేలా, స్కూటర్ దగ్గరున్న శశిభూషణ్‌కి కూడా వినబడేలా, ఒక కుక్క ఎంత స్పష్టంగా చెప్పగలదో అంత స్పష్టంగా చెప్పింది. దగ్గరికి రావద్దు.

కానీ శ్రావ్య పుట్టేనాటికే ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు. దానికి అర్థం ఏమిటో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. కట్టున్న బుగ్గ ఉబ్బేలా నవ్వింది.

"అమ్మా, జున్ను మాట్లాడుతోంది!" అంటూ చేతులు చాచి ఇంకా వేగంగా పరిగెత్తింది.